మాట బంద్

మా ఊళ్లో నాతో మాట్లాడని మనిషి ఒక్కతే ఉంది. మిగతా వాళ్లంతా అవసరానికి మించే మాట్లాడతారు. పింఛను పడలేదని ఒకరు, మోరీ నిండి మురుగు వాకిట్లోకి పారుతోందని ఒకరు, కోడలు గంజి కూడా పోయడం లేదని ఒకరు, నేను నోట్లోంచి వేపపుల్ల తీయకముందే వచ్చి అరుగు మీద కూర్చుంటారు. రెండుసార్లు సర్పంచ్‌గా చేశాను, ఒకసారి ఎంపీటీసీగా, ఒకసారి జెడ్పీటీసీగా చేశాను, ఇప్పుడు మళ్లీ సర్పంచ్‌ని. ఇరవై ఏళ్లకు పైగా నోరే ఆధారంగా బతికినదాన్ని. కరీంనగర్‌లో జిల్లా పరిషత్ మీటింగులో నేను లేచి నిలబడితే ఇంజనీర్లు కాగితాలు సర్దుకునేవాళ్లు. "ఆమె నోట్లె పడకుండ్రి" అని ఒకరికొకరు చెప్పుకునేవాళ్లని తర్వాత తెలిసింది. నాకది పొగడ్తగానే వినపడింది.

ఆ నోటితో అనాల్సిన మాట ఒకటి ఉండింది. అది అనలేదు. అనకపోవడం వల్ల ఒక మనిషిని పోగొట్టుకున్నాను. నేను రాస్తున్నది ఆ సంగతే. నా బతుకులో మిగతాదంతా రోడ్లు, మోరీలు, వీధి దీపాలు. వాటికి శిలాఫలకాలు ఉన్నాయి, కావలసినవాళ్లు పోయి చదువుకోవచ్చు.

ఆ మనిషిని నేను అక్క అంటాను. తోడబుట్టింది కాదు. వాళ్లది చాకలి ఇల్లు, మాది మున్నూరు కాపుల ఇల్లు. కానీ ఇద్దరి తల్లిగారి ఊరు ఒకటే. గోదావరి దాటి, నిర్మల్ దాటి ఇంకా లోపలికి పోవాలి. నాకంటే రెండేళ్లు పెద్దది. నాకు అక్షరాలు దిద్దించడానికి మా అవ్వ, బాపు బాసర పోతూ, నన్ను ఆడించడానికి, సామాను చూసుకోవడానికి ఆ పిల్లను కూడా వెంట తీసుకుపోయారు. లోపల అయ్యగారు నా చెయ్యి పట్టి పలక మీద రాయించాడు. ఆమె బయట మెట్ల మీద మా చెప్పులకు కావలి కూర్చుంది. తిరిగి వస్తుంటే బస్సులో పలక చూపించాను. "గిది ఏం మాట?" అని అడిగింది. నాకూ తెలియదు. ఇద్దరం ఒకటే నవ్వాం.

నా పెళ్లి ఈ ఊరికి కుదిరేసరికి ఆమె ఇక్కడికే వచ్చి మూడేళ్లుగా కాపురం చేస్తోంది. కొత్తలో నా మాటలో మరాఠీ యాస ఉందని ఆడబిడ్డలు ఏడిపించేవాళ్లు. జొన్నరొట్టెను నేను భాకరి అన్నానని రెండు రోజులు చెప్పుకుని చెప్పుకుని నవ్వారు. బట్టలకు వచ్చిన అక్క మాత్రం దొడ్డి దగ్గర నిలబడి, అటూ ఇటూ చూసి, "చెల్లె, భాకరి తిన్నవా?" అనేది. ఆ మాట వింటే చాలు, నాకు తల్లిగారింటికి పోయి వచ్చినట్టు ఉండేది. నలుగురిలో ఉన్నప్పుడు మాత్రం "పటేలమ్మా" అనేది. అది ఊరి రివాజు. మేమిద్దరం దాని గురించి ఎన్నడూ మాట్లాడుకోలేదు. చెల్లె అన్న పిలుపు దొడ్డి దాటి వాకిట్లోకి రాలేదు.

సర్పంచ్ పదవి బీసీ ఆడవాళ్లకు వచ్చిందని తెలిసిన రోజు మా ఇంట్లో నన్నెవరూ ఏమీ అడగలేదు. మా ఆయన, మా బావ కూర్చుని మాట్లాడుకున్నారు. బావ అంటే మా ఆయన పెదనాన్న కొడుకు, అప్పటికే ఊరి కమిటీకి అధ్యక్షుడు. చాయ్ కప్పులు తీయడానికి వెళితే, "పొద్దుగాల ఫోటో దిగేదున్నది, మంచి చీర కట్టుకో" అన్నాడు మా ఆయన. గెలిచిన రోజు దండలన్నీ ఆయన మెడలో పడ్డాయి. నేను వంటింట్లో వచ్చినవాళ్లకు చాయ్ పోస్తున్నాను. ఊరంతా ఆయన్ని సర్పంచ్ సాబ్ అనేది. నేను సర్పంచ్ సాబ్ ఇంటామెను. ఎన్నికల్లో గెలిచింది ఎవరని ఎవరైనా కొత్తవాళ్లు అడిగితే నేను కూడా కాసేపు ఆలోచించేదాన్ని.

మా దిక్కు ఊళ్లలో సర్పంచ్ కంటే కమిటీ పెద్దది. గ్రామాభివృద్ధి కమిటీ అని గోడకు రాసి ఉంటుంది. చట్టంలో వెతికితే కనపడదు, ఊళ్లో వెతకకపోయినా కనపడుతుంది. కల్లు ఎవరు అమ్మాలి, కోళ్ల దుకాణం ఎవరు పెట్టుకోవాలి, ఎవరింటి తగువు ఎక్కడ తెగాలి, అన్నీ కమిటీయే చెబుతుంది. చెప్పినట్టు వినని ఇంటికి మాట బంద్ పెడుతుంది. అంటే ఆ ఇంటివాళ్లతో ఎవరూ మాట్లాడకూడదు, దుకాణంలో సామాను ఇవ్వకూడదు, ఆటో ఎక్కించుకోకూడదు. మాట్లాడినవాళ్లు దండుగ కట్టాలి.

పంచాయితీ ఆఫీసులో నాకు ఒక కుర్చీ ఉండేది. దాని మీద తెల్ల తువ్వాల కూడా పరిచారు. కానీ మా ఇళ్లలో బావ ముందు తమ్ముడి భార్య కుర్చీలో కూర్చోదు. బావ రోజూ పదకొండు గంటలకు వచ్చేవాడు. ఆయన బండి చప్పుడు వినపడగానే నేను లేచి, కొంగు నిండా కప్పుకుని గోడ పక్కన నిలబడేదాన్ని. ఆయన ఉన్నంతసేపూ నా కుర్చీ ఖాళీగా ఉండేది. పాపం, ఆయన దాంట్లో ఎన్నడూ కూర్చోలేదు. ఆ మాత్రం మర్యాద తెలిసిన మనిషే.

నేను సర్పంచ్ అయిన మూడో ఏడు అక్క భర్త మస్కట్ నుంచి వచ్చేశాడు. మండలంలో ఇస్త్రీ దుకాణం పెట్టుకున్నాడు. ఊళ్లో పెళ్లయినా చావయినా చాకలి ఇంటి నుంచి మనిషి వచ్చి పని చేయాల్సిందేనని కమిటీ కట్టడి. ఆయన దానికి ఎదురు తిరగలేదు. "ఇంటికొచ్చి పిలిస్తే వస్త. మైకుల చాటితే రాను" అన్నాడు. అంతే అన్నాడు. బావ మేనత్త చనిపోయినప్పుడు పిలవలేదు, మైకులో చాటారు. ఆయన దుకాణం మూయలేదు.

మూడో రోజు పొద్దున నేను పొయ్యి దగ్గర ఉన్నాను. పంచాయితీ మైకు మోగింది. పంచాయితీలో పన్ను రసీదులు రాసే కారోబార్ గొంతు అది. చాకలి ఫలానా వాళ్లింటికి ఇవ్వాళ్టి నుంచి మాట బంద్ అని చెప్పాడు. ముందు రోజు అదే గొంతుతో పిల్లలకు పోలియో చుక్కలు వేస్తారని చెప్పాడు. రెండింటికీ గొంతులో తేడా లేదు. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన చాయ్‌లో రొట్టె ముంచుకుని తింటున్నాడు.

"నాకు చెప్పకుంట నా మైకుల ఎట్ల చాటిండ్రు?" అన్నాను.

"నీ మైకా?" అన్నాడు. వెక్కిరించడానికి అనలేదు. నిజంగానే అర్థం కాక అడిగాడు.

మొదటి వారం ఊరు గట్టిగానే నోరు మూసుకుంది. తర్వాత ఆడవాళ్లం ఒక దారి కనిపెట్టాం. మాట్లాడొద్దన్నది మనుషులతో కదా. అక్క ఇంటి ముందు ఒక నల్ల మేక కట్టేసి ఉండేది. నీళ్లకు పోయేవాళ్లు దాని ముందు ఆగి, "మేకా, బియ్యం బండి వచ్చింది" అనేవాళ్లు. "మేకా, దవాఖాన నర్సమ్మ వచ్చింది, బడి కాడ కూసున్నది." "మేకా, ఉప్పు పొట్లం గోడ మీద మర్సిపోయిన, పోతున్న." లోపలి నుంచి అక్క తన బిందెకు జవాబు చెప్పేది. "బిందే, ఆమె సల్లగుండాలె అని చెప్పు." ఆ మేకకు ఆ నాలుగు నెలల్లో దక్కినంత గౌరవం మా ఊళ్లో ఏ సర్పంచ్‌కూ దక్కలేదు.

నేనూ మాట్లాడాను. "మేకా, భాకరి తిన్నవా?" అన్నాను ఒకరోజు. లోపల బిందె కింద పెట్టిన చప్పుడైంది. "బిందే, తిన్న అని చెప్పు చెల్లెకు" అని వినపడింది. ఎంత సంబరపడ్డానో చెప్పలేను. మాట బంద్‌ను ఓడించామనుకున్నాను. లోలోపల మంచిగా ఉంటే చాలు, పైకి ఎట్లా ఉన్నా నడుస్తుందనుకున్నాను. ఆ తెలివే తర్వాత నన్ను జెడ్పీటీసీ దాకా తీసుకుపోయింది.

బతుకమ్మ పండుగ వచ్చింది. ఆఖరి రోజు, సద్దుల నాడు అక్క తన బతుకమ్మను తెచ్చి అందరి బతుకమ్మల పక్కన పెట్టింది. ఒకరి తర్వాత ఒకరు తమవి తీసి అవతల పెట్టుకున్నారు. పండుగకు మేకను తోలుకుని రాదు కదా, మా తెలివంతా అక్కడ పనికిరాలేదు. ఆమె తన ఒక్క బతుకమ్మ చుట్టూ ఒక్కతే చప్పట్లు కొడుతూ తిరిగింది. పాట ఎత్తుకుంది. బతుకమ్మ పాటకు అందుకునే గొంతులు కావాలి. ఎవరూ అందుకోలేదు. నాకు గొంతు దాకా వచ్చింది. మా ఆడబిడ్డ నా మోచెయ్యి పట్టుకుంది. ఆమె పట్టుకోకపోయినా నేను పాడేదాన్ని కాదు. ఆమె పట్టుకోబట్టి పాడలేదని చెప్పుకోవడం నాకు సుఖంగా ఉంటుంది, అంతే.

పండుగ పోయిన వారానికి అక్క అత్త మంచాన పడింది. ఊళ్లో ఉన్న రెండు ఆటోలవాళ్లూ ఎక్కించుకోలేదు. అక్క భర్త మండలం నుంచి ఆటో తెస్తే, ఊరి పొలిమేర దగ్గరే ఎవరో ఏదో చెప్పి తిప్పి పంపేశారు. అప్పుడు అక్క పంచాయితీ ఆఫీసుకు వచ్చింది. పదకొండు దాటింది. బావ బల్లకు ఇవతల కూర్చుని పేపరు చదువుతున్నాడు. నేను గోడ పక్కన నిలబడి ఉన్నాను. నా కుర్చీ ఖాళీగా ఉంది. ఆమె గడప దాటి లోపలికి వచ్చింది. పటేలమ్మా అనలేదు, సర్పంచమ్మా అనలేదు.

"చెల్లె," అంది. "మా అత్త పాణం మంచిగ లేదు. దవాఖానకు పోవాలె. మేకకు చెప్తే ఆటో రాదు. మైకుల ఒక్క మాట చెప్పు. గా ఇంటితోని మాట్లాడుండ్రి అను. గంతే. నీ మైకే గదా."

పది మందిలో నన్ను చెల్లె అనడం అదే మొదటిసారి. కారోబార్ రాయడం ఆపాడు. బావ పేపరు తిప్పాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి, బావ నన్నేమీ అనలేదు, నా వైపు చూడను కూడా చూడలేదు. నన్నెవరూ బెదిరించలేదు. మైకు డబ్బా బల్ల మీద, నా చేతికి అందేంత దూరంలో ఉంది. నేను కారోబార్ వైపు తిరిగాను.

"ఆమెకేం కావాల్నో అర్జీ రాసియ్యమను," అన్నాను.

ఆమెకు రాయడం రాదని నాకు తెలుసు. ఆ గదిలో ఉన్న అందరికంటే ఎక్కువ నాకే తెలుసు.

అక్క తల తిప్పింది. నా వైపు కాదు, తువ్వాల పరిచిన కుర్చీ వైపు చూసింది. "మంచిది" అని ఆ కుర్చీతో అని వెళ్లిపోయింది.

ముసలామె నాలుగో రోజు చనిపోయింది. దవాఖానకు పోతే బతికేదా అంటే, వయసు మీద పడిన మనిషి, చెప్పలేం. ఇన్నేళ్లుగా ఆ చెప్పలేం అన్న మాటనే పట్టుకుని వేలాడుతున్నాను. మోయడానికి ఊళ్లో నాలుగు భుజాలు దొరకలేదు. గోదావరి అవతలి నుంచి అక్క అన్నదమ్ములు ట్రాక్టర్ మీద వచ్చారు. చిన్నప్పుడు నన్ను భుజాల మీద కూర్చోబెట్టుకుని జాతర చూపించినవాళ్లు, నేను అన్నా అని పిలిచినవాళ్లు. పాడె మా వాకిలి ముందు నుంచే పోయింది. నేను కిటికీ రెక్కలు దగ్గరకు వేసి ఆ సందులోంచి చూశాను. పెద్దాయన మా ఇంటి వైపు ఒకసారి తల తిప్పాడు. ఇది మన పిల్ల ఇల్లు కదా, తలుపు ఎందుకు వేసి ఉంది అనుకున్నాడేమో. నేను సిగ్గుతో చచ్చిపోయాను. చచ్చిపోయాను అని రాయడం తేలిక, మధ్యాహ్నానికి మళ్లీ లేచి వంట చేశాను.

నెల తర్వాత అక్క భర్త కమిటీ ముందు తప్పయిందని ఒప్పుకుని, దండుగ కట్టి మాట బంద్ ఎత్తేయించుకున్నాడు. ఆ సంగతి కూడా మైకులోనే చెప్పారు. సాయంత్రానికల్లా ఊరంతా వాళ్లతో మాట్లాడింది. "ఏమాయె, మంచిగున్నరా?" అని, ఊరికి పోయి వచ్చినవాళ్లను అడిగినట్టు అడిగారు. నేను రెండు భాకరీలు చేసి, గుడ్డలో కట్టుకుని పోయాను. వాకిట్లో నిలబడి "అక్కా" అన్నాను. ఆమె మేకకు ఆకు వేస్తోంది. తలెత్తలేదు.

"మేకా," అంది. "ఎవరో వచ్చిండ్రు. అర్జీ ఏమన్న రాసుకొచ్చిండ్రా అడుగు."

ఆ రోజు నుంచి ఆమె నాతో మాట్లాడలేదు. అందరితో మాట్లాడేది, మా బావతో కూడా మాట్లాడేది. నాకు మాత్రం ఆమె మాట బంద్ పెట్టింది. కమిటీ పెట్టిందైతే దండుగ కడితే పోతుంది. ఇది ఎట్లా పోతుందో నాకు తెలియలేదు.

తర్వాతి కాలంలో నేను మాట్లాడడం నేర్చుకున్నాను. మోకాళ్ల నొప్పులతో బావ ఆఫీసుకు రావడం తగ్గించాక కుర్చీలో కూర్చోవడం కూడా అలవాటైంది. రెండోసారి సర్పంచ్‌నయ్యాక ఫోన్లు నేనే ఎత్తాను. ఎంపీటీసీగా ఉన్నప్పుడు, బడికి గోడ కట్టమంటే ఇదిగో అదిగో అంటున్న కాంట్రాక్టర్ ఇంటి ముందు చాప వేసుకుని కూర్చున్నాను. జెడ్పీటీసీ అయ్యాక పార్టీ వాళ్లు నన్ను మీటింగులకు తిప్పారు. నా బీరువాలో ఒక అర నిండా శాలువాలే. అన్నీ కొత్తవి, కప్పుకోవడానికి పనికిరావు, ఒకరికి ఇవ్వడానికీ మనసొప్పదు.

ఒకసారి ఆడవాళ్ల మీద జరిగే దౌర్జన్యాల గురించి మాట్లాడమన్నారు. పది నిమిషాలు ఆపకుండా మాట్లాడాను. కళ్ల ముందు అన్యాయం జరుగుతుంటే నోరు మూసుకునేవాళ్లు కూడా దోషులేనన్నాను. చప్పట్లు మోగిపోయాయి. "జబర్దస్తుగ మాట్లాడినవ్" అన్నాడు మా ఆయన కారులో. ఇంటికి వచ్చేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. అట్లాంటి రోజుల్లో నా మీద నాకు కలిగే అసహ్యం ఇంత అని చెప్పలేను.

ఈ మధ్యలో ఊళ్లో మాట బంద్‌లు ఆగాయా అంటే ఆగలేదు. మంగలి ఇంటికి ఒకసారి, పొలం గట్టు తగువులో ఒక రైతు ఇంటికి ఒకసారి, కులం కాని పెళ్లి చేసుకున్న పిల్ల తల్లిగారింటికి ఒకసారి. పోలీసులు వచ్చేవాళ్లు. కమిటీవాళ్లు మేమేం చేయలేదనేవాళ్లు. మాట్లాడకపోవడానికి సాక్ష్యం ఎక్కడి నుంచి తెస్తారు. ప్రతిసారీ నాకు ఒక కారణం దొరికేది. ఎన్నికల ముందైతే ఓట్లు పోతాయి. ఎన్నికల తర్వాతైతే ఇప్పుడే గెలిచాం, అప్పుడే ఊరితో గొడవెందుకు. నడిమిట్ల అయితే రోడ్డు పని నడుస్తోంది, ఆగిపోతుంది. ఓట్లకు పోయిన ప్రతిసారీ అక్క వాకిట్లోకి కూడా పోయి దండం పెట్టేదాన్ని. "మేకా, ఓట్లకొచ్చిండ్రు" అనేది ఆమె. ఆ నల్ల మేక పోయింది, దాని పిల్ల పోయింది, దాని పిల్ల పిల్ల వచ్చింది. మాట మారలేదు.

ఇక మొన్నటి పంచాయితీ ఎన్నికల సంగతి. సర్పంచ్ పదవి మళ్లీ ఆడవాళ్లకు వచ్చింది. కమిటీలో బావ పోయాడు, బావ కొడుకు వచ్చాడు. ఇప్పుడు అందరి చేతుల్లో ఫోన్లున్నాయి, ఊరికి ఒక గ్రూపు ఉంది. అయినా మాట బంద్ మాత్రం మైకులోనే చాటుతారు. ఈసారి ఒక సాయిబు ఇంటికి పెట్టారు. ఆయన ఆటో నడుపుతాడు. కమిటీ చెప్పిన వరుసలో ఆటో పెట్టలేదని తప్పు. ఆయన భార్య మా ఇంటికి వచ్చింది. "అమ్మా, ఛోటీకి పాలు పోస్తలేరు. జర మీరు చెప్పుండ్రి" అంది. చూద్దాం, ఫికర్ చేయకు అన్నాను. చూద్దాం అన్న మాటతోనే నేను ఇరవై ఏళ్లు రాజకీయం చేశాను.

రెండు రోజుల తర్వాత నేను ఓట్ల కోసం ఇల్లిల్లూ తిరుగుతూ అక్క వాకిట్లోకి పోయాను. వెంట వచ్చినవాళ్లు పక్కింటి దగ్గర ఆగారు. అక్క మంచం మీద కూర్చుని ఉంది. గుంజ దగ్గర మేక లేదు. తాడు కూడా లేదు. ఆటో ఆయన బిడ్డకు పాలు కావాలని, మేకను తీసుకుపోయి పట్టపగలు అందరూ చూస్తుండగా వాళ్లింటి ముందు కట్టేసి వచ్చిందట. అది నాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం, మేక లేకపోతే ఈమె ఎవరితో మాట్లాడుతుంది అని ఆలోచిస్తూ దండం పెట్టిన చేతులు దించకుండా నిలబడ్డాను.

"కూసో," అంది నాతో.

మంచం కోడు పట్టుకుని కింద కూర్చున్నాను.

"గప్పటి సంది మూడుసార్లు నీకే ఏసిన," అంది. "మా ఆయన వద్దన్నడు. నా కొడుకు వద్దన్నడు. నీకే గుద్దిన."

"ఎందుకక్కా?"

"పెద్ద కుర్సీల కూసుంటే అంటదేమో అనుకున్న. సర్పంచ్‌గ ఉండి అనలే. ఎంపీటీసీ అయితే అంటదనుకున్న. కరీంనగర్ల కూసుంటే ఇగ భయం పోతదనుకున్న." ఆమె గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "నీ కుర్సీ పెద్దగైతనే ఉన్నది చెల్లె. నువ్వు గోడకే నిలవడ్డవ్."

నాకు ఏడుపు వచ్చింది. ఆమె ఏడవనిచ్చింది, ఊరుకోమనలేదు. నేను కళ్లు తుడుచుకున్నాక చెప్పింది.

"గా ఆటో ఇంటితోని మాట్లాడుండ్రి అని మైకుల చెప్పు. చెప్తే ఏస్త. చెప్పకుంటే గీసారి ఎయ్య. నీకు చెప్పి మరీ ఎయ్యకుంట ఉంట. ఇగ పో."

మర్నాడు పంచాయితీ ఆఫీసుకు పోయాను. అప్పటికి నేను పదవిలో లేను, అయినా పాత మనిషినని కారోబార్ తాళం తీసి ఇచ్చి చాయ్‌కి పోయాడు. గదిలో బావ లేడు, బావ కొడుకు లేడు, మా ఆయన లేడు. మైకు డబ్బాకు మీట నొక్కితే ఎర్ర దీపం వెలిగింది. వేలితో రెండుసార్లు తట్టాను. బయట గుడి మీది నుంచి, బడి మీది నుంచి ఆ చప్పుడు నాకే తిరిగి వినపడింది. ఊరు చెవి పెట్టిందని తెలుస్తోంది. అనాల్సింది రెండు ముక్కలు. అక్క ఇరవై ఏళ్ల కింద చెప్పిన ముక్కలే, కొత్తగా వెతుక్కోవాల్సిన పని కూడా లేదు. నోరు తెరిచాను.

"రేపు పొద్దుగాల నల్లా రాదు. అందరు బిందెలు నింపి పెట్టుకోండ్రి," అన్నాను.

మీట ఆపేశాను. నల్లాకు ఏమీ కాలేదు. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకిప్పటికీ తెలియదు. ఇన్నేళ్లు మైకులో అలాంటివే చెప్పి చెప్పి నా నోటికి ఇంకో దారి తెలియకుండా పోయిందేమో. ఊరంతా బిందెలు, బకెట్లు, తొట్లు నింపింది. మర్నాడు నల్లా ఎప్పటిలాగే వచ్చింది. సర్పంచమ్మకు వయసు మీద పడింది, తికమక పడుతోందని నవ్వుకున్నారు. అక్క నవ్విందో లేదో తెలియదు. ఆమె మాత్రం ఆ చప్పుడు విని, ఏదో వస్తుందని బయటికి వచ్చి నిలబడే ఉంటుంది.

కమిటీకి నా మీద గురి పెరిగింది. ఊరితో పెట్టుకోని మనిషి అన్నారు. నామినేషన్ వేసిన ఇంకో ఇద్దరు ఆడవాళ్ల భర్తలతో మాట్లాడి వాళ్ల చేత వెనక్కి తీయించారు. వార్డులు కూడా ఒక్కొక్కరికే కట్టబెట్టారు. ఊరు ఏకగ్రీవమైంది. గ్రీవం అంటే మెడ అని బడి పంతులు చెప్పాడు. ఊరందరికీ కలిపి ఒకటే మెడ అన్నమాట. దండలన్నీ ఈసారి నా మెడలోనే వేశారు. ఊరేగింపు అక్క ఇంటి ముందు నుంచి, ఆటో ఆయన ఇంటి ముందు నుంచి పోయింది. ఆటో ఇంటికి మాట బంద్ అట్లాగే ఉంది. వాళ్ల వాకిట్లో మేక నెమరేస్తూ డప్పుల వైపు చూసింది.

ఓట్ల రోజు పక్క ఊళ్లన్నిటిలో వరుసలు కట్టారు. మా ఊళ్లో బడికి తాళం వేసి ఉంది. పొద్దున ఎనిమిదింటికి నేను నీళ్ల ట్యాంకు దగ్గరికి పోతూ చూశాను. అక్క ఉతికి ఇస్త్రీ చేసిన చీర కట్టుకుని, ఓటరు కార్డు చేతిలో పట్టుకుని బడి గేటు ముందు నిలబడి ఉంది. మరిచిపోయి వచ్చిందేమో, ఎవరూ చెప్పలేదేమో అనుకున్నాను. దగ్గరికి పోయాను. దొడ్డిలో కాదు, నడివీధిలో, నలుగురు చూస్తుండగా పిలిచాను.

"అక్కా, ఓట్లు లేవు. ఏకగ్రీవమైంది."

ఆమె నా వైపు తిరగలేదు.

"గేటూ, నాకు ఎర్కే," అంది. "ఎయ్యకుంట పోదామనే వచ్చిన."

కార్డును కొంగుకు ముడేసుకుని, వచ్చిన దారినే పోయింది. నేను గేటు దగ్గరే ఉండిపోయాను. ఆ దారిన పోయేవాళ్లు నమస్తే సర్పంచమ్మా అన్నారు. నేనూ అందరికీ నమస్తే పెట్టాను.